వెండితెర సాముగాండ్రు

మానవునకు యుద్ధమనిన భయము. కాని కల్పితమైన యుద్ధమును చూచుటయనిన మిక్కిలి ప్రీతి. పల్లెలో తోలుబొమ్మలాట జరుగునప్పుడు తెల్లవారుజాము వరకు నిద్ర నాపుకొని కూర్చుండు బాలురు రామరావణుల యుద్ధము కొరకే కాచుకొనియుందురు. వీధినాటకములో కత్తి దూసిన వేషగాడు రంగమునకు రాగానే మద్దెల వేగము హెచ్చును. చూచువారి గుండెలును దానితోపాటు కొట్టుకొనును. ఆ కత్తి కొయ్యకత్తియని అందరును ఎరుగుదురు. అయినను వారి ఆనందమునకు కొరత యుండదు.

ఇట్టి ఆనందమును ఇరువదవ శతాబ్దమున ప్రపంచమునకంతటికి పంచిపెట్టిన నగరము హాంకాంగ్. చైనాదేశపు దక్షిణతీరమున నున్న ఈ నగరము 1997వ సంవత్సరము వరకు బ్రిటిషువారి పాలనలో ఉండెను. అచ్చట తయారైన కుంగ్‌ఫూ చిత్రములు సముద్రములు దాటి పోయినవి. వానిలోని మాటలు ఒక్కటియు తెలియనివారు సైతము వానిని చూచి ఉప్పొంగిరి. ఆ చిత్రములలో పోరాడినవారెవరు? ఆ విద్యను వారెచ్చట నేర్చిరి? దానికై వారు చెల్లించిన మూల్యమెట్టిది? వృద్ధులైన పిదప వారేమైరి? ఈ ప్రశ్నలకు లభించు సమాధానములు ఆ చిత్రముల కథలకంటెను ఆసక్తికరములు.

‘కుంగ్‌ఫూ’ అను మాటకు చైనా భాషలో మొదటి అర్థము యుద్ధవిద్య కాదు. చిరకాలము శ్రమించి సాధించిన నేర్పునకు ఆ పేరు. అందముగా అక్షరములు వ్రాయువానికిని, రుచిగా వంట చేయువానికిని గూడ తమ తమ పనులలో కుంగ్‌ఫూ ఉండవచ్చును. సాముగరిడీలకు ఆ పేరు రూఢియైనది తరువాతి కాలముననే. కాలము, శ్రమ అను రెండును ఆ మాటలోనే ఇమిడియున్నవి.

వీరుల కథలతో కూడిన చలనచిత్రములు చైనాలో మొదట షాంఘై నగరమున వర్ధిల్లినవి. 1928లో ‘ఎర్రతామర ఆలయదహనము’ అను అర్థము వచ్చు చిత్రమొకటి వెలువడి, మిక్కిలి ప్రజాదరణము పొంది, 1931 వరకు 18 భాగములుగా సాగెను. ఆ కాలపు చిత్రములలో వీరులు గాలిలో ఎగురుదురు; మంత్రశక్తిచే మంటలు పుట్టింతురు. అవి పేదరాసి పెద్దమ్మ కథలవలె వినోదము కలిగించినవి. కాని వానిలో నిజమైన సాము తక్కువ.

1949లో హాంకాంగునందు ఈ పద్ధతి మారెను. ఆ యేట వూ పాంగ్ అను దర్శకుడు వాంగ్ ఫే హుంగ్ అను గురువు కథను చిత్రముగా తీసెను. వాంగ్ ఫే హుంగ్ కల్పితపురుషుడు కాడు. పందొమ్మిదవ శతాబ్దమున దక్షిణ చైనాలోని ఫోషాన్ ప్రాంతమున జన్మించి, వైద్యుడుగను, సాముగరిడీల గురువుగను ప్రసిద్ధి గాంచినవాడు. ఆయన పాత్రను ధరించిన నటుడు క్వాన్ తక్ హింగ్. క్వాన్ 1905లో జన్మించెను. కాంటన్ సంగీతనాటకములలో ఆరితేరి, జపానువారు చైనాపై దండెత్తిన కాలమున నాటకములాడి స్వదేశరక్షణకు ధనము కూర్చెను. 1949 మొదలుకొని ఆయన వాంగ్ గురువు పాత్రను 70కి మించిన చిత్రములలో ధరించెను. ఒక్క 1956వ సంవత్సరముననే ఆ గురువును గూర్చిన చిత్రములు 25 వెలువడినవనిన, ప్రజలకు ఆ పాత్రయందు గల మక్కువ ఎంతటిదో తెలియగలదు.

ఈ మక్కువకు కారణము కేవలము పోరాటములు కావు. తెరమీది వాంగ్ గురువు కోపిష్ఠి కాడు. బలము కలిగియు ఓర్చుకొనును. దుర్మార్గుడు మితిమీరినప్పుడే చేయి యెత్తును. ఓడినవానిని చంపక, బుద్ధి చెప్పి విడిచిపుచ్చును. ఆ దినములలో యుద్ధములచేతను, అంతఃకలహములచేతను చెదరి, లక్షలకొలది జనులు చైనానుండి హాంకాంగునకు వలసవచ్చి యిరుకుగదులలో కాలము గడుపుచుండిరి. ఊరును ఇల్లును విడిచి వచ్చిన అట్టివారికి, ఆ గురువు తమ కుటుంబపు పెద్దదిక్కువలె తోచెను.

వీరుడున్నచోట విరోధియు ఉండవలెను. ఈ చిత్రములలో తరచుగా విరోధి పాత్ర ధరించినవాడు షీ కియెన్. ఆయన 1913లో జన్మించెను. బాల్యమున దుర్బలుడు. ఆరోగ్యము కొరకు సాము నేర్వ నారంభించి, చిన్ వూ అను వ్యాయామసంఘమున అనేక సంవత్సరములు శ్రమించి, ఇతరులకు నేర్పదగిన అర్హతను సంపాదించెను. ఇట్టి విద్యావంతుడు తెరమీద ఎల్లప్పుడును మోసగాడే, ద్రోహియే. ప్రతి కథ చివరను ఆయన ఓడవలసినదే. ఆయన నవ్వు వినినంతనే బాలురు భయపడునంతటి సహజముగా ఆయన నటించెను.

ఇచ్చట ఒక రహస్యము కలదు. ఇద్దరు మనుష్యులు నిజముగా కొట్టుకొనినచో ఆ పోరు క్షణములో ముగియును. దానిలో చూడదగిన అందమేమియు ఉండదు. తెరమీది పోరు అట్టిది కాదు. ఒకని పిడికిలి ఎదుటివాని చెంపకు వెంట్రుకవాసి దూరములో ఆగవలెను. ఆ దెబ్బ తగిలినట్లు ఎదుటివాడు సరిగా ఆ క్షణముననే తల త్రిప్పవలెను. ఒక లిప్త ముందు త్రిప్పెనా, అబద్ధమని తేలిపోవును. ఒక లిప్త ఆలస్యమాయెనా, పన్ను రాలును. కాబట్టి తెరమీద బద్ధశత్రువులుగా కనిపించు నిరువురును నిజమునకు ఒకరి ప్రాణము నొకరు కాపాడుచున్నవారు. శత్రుత్వము నటన, సహకారమే సత్యము. క్వాన్ తక్ హింగ్ గెలుపు ఎంత అందముగా నున్నదో, షీ కియెన్ ఓటమియు అంత అందముగా నుండవలెను. ఓడుటకును విద్య కావలెను. పడుటకును విద్య కావలెను.

ఈ విద్య గురువునుండి శిష్యునకు సంక్రమించిన తీరు గమనింపదగినది. వాంగ్ ఫే హుంగ్ శిష్యులలో లామ్ సాయ్ వింగ్ యొకడు. లామ్ శిష్యుడు లౌ చామ్. లౌ చామ్ కుమారుడు లౌ కార్ లియుంగ్. తండ్రి వాంగ్ గురువు చిత్రములలో నటించెను. యువకుడైన కుమారుడును ఆ చిత్రములలోనే చిన్న చిన్న వేషములు ధరించెను. అనగా తెరమీద కథగా నడచుచున్నది వారి యింట విద్యగా నడచుచుండెను. తన ముత్తాతగురువు కథలో తానే ఒక మూల నిలిచి దెబ్బలు తినుచు ఆ బాలుడు పని నేర్చుకొనెను.

తరువాత లౌ కార్ లియుంగ్, తాంగ్ గాయ్ అను మిత్రునితో కలిసి, షా సోదరుల చిత్రసంస్థలో పోరాటములు కూర్చు పనికి కుదిరెను. ఏ దెబ్బ తరువాత ఏ దెబ్బ రావలెనో, ఎవ్వడు ఎచ్చట పడవలెనో, కెమెరా ఎచ్చట నిలువవలెనో నిర్ణయించుటయే ఆ పని. 1967లో వెలువడి పేరుపొందిన ‘ఒంటిచేతి ఖడ్గవీరుడు’ అను చిత్రమునకు పోరాటములు కూర్చినవారు ఈ యిరువురే. లౌ 1975లో తానే దర్శకుడయ్యెను. ఆయన చిత్రములలో పోరాటము పగ తీర్చుకొనుటకు మాత్రమే గాక, విద్యయొక్క స్వరూపమును చూపుటకును ఉపయోగపడినది. 1978లో ఆయన తీసిన ఒక చిత్రమున జపాను యుద్ధవిద్యలకును చైనా యుద్ధవిద్యలకును పోటీ జరుగును. అన్ని పోరాటములు జరిగియు ఆ కథలో ఒక్కడును మరణింపడు.

ఆ సంవత్సరముననే ఆయన తీసిన ‘షావోలిన్ 36వ గది’ అను చిత్రము ఈ జాతి చిత్రములలో ఉత్తమమైనదిగా పలువురు ఎన్నుదురు. లౌ చామ్ వద్ద సాము నేర్చిన గోర్డన్ లియూ అందు కథానాయకుడు. మంచూ పాలకుల దౌర్జన్యమునకు గురియైన యువకుడొకడు షావోలిన్ మఠమును చేరి యుద్ధవిద్య నేర్వగోరును. అచ్చట విద్యాభ్యాసమునకు 35 గదులు కలవు. అతడు గర్వముతో అన్నింటికంటె కఠినమైన గదికి మొదట పోయి, నిలువలేక వెనుదిరుగును. పిమ్మట మొదటినుండి ప్రారంభించును. నీటిపై తేలు దుంగలమీద కాలుమోపి దాటినగాని భోజనశాల చేరరాదు. అతడు నీటిలో పడును, మరల లేచును, మరల పడును. మరియొకచోట చేతులు చాచి నీరు మోయవలెను. చేతులు వాలినచో, దండచేతులకు కట్టిన కత్తులు ప్రక్కలకు గ్రుచ్చుకొనును. చిత్రములో చాలభాగము ఈ అభ్యాసమే. శత్రువుతో పోరు కొంచెము. తన సోమరితనముతో, తన తొందరపాటుతో పోరు అధికము. చదువుకొను బాలునకు ఇంతకంటె తెలిసిన కథ మరియొకటి ఉండదు.

చివరకు ఆ యువకుడు 35 గదులను జయించును. అతని కోరిక ప్రకారము ఏ గదికైనను అధిపతిగా నుండవచ్చునని పెద్దలు చెప్పుదురు. అతడు 36వ గది కావలెనని కోరును. అట్టి గది మఠములో లేదు. మఠము వెలుపల సామాన్యప్రజలకు విద్య నేర్పు గది కావలెనని అతని భావము. గోడల లోపల దాచుకొనిన విద్య దేశమునకు ఉపయోగపడదని ఈ కథ చెప్పక చెప్పుచున్నది.

షావోలిన్ మఠము కల్పితము కాదు. చైనాలోని హెనాన్ రాష్ట్రమున నేటికిని ఆ మఠము కలదు. దక్షిణభారతమునుండి వెళ్ళిన బోధిధర్ముడను భిక్షువు అచ్చటివారికి ఈ సాము నేర్పెనని ఒక గాథ కలదు. ఈ గాథ వినుటకు ఇంపుగా నున్నను, చరిత్రకారులు దీనిని అంగీకరింపరు. పదునేడవ శతాబ్దమున పుట్టిన గ్రంథమొకదానినుండి అది వ్యాపించినదని వారి నిర్ణయము. గాథను గాథగా ప్రేమించుటయు, చరిత్రను చరిత్రగా గౌరవించుటయు ఉచితము.

గురుకుటుంబములనుండి వచ్చినవారిట్లుండగా, మరియొక మార్గమున వచ్చినవారును కలరు. వారు పెకింగు సంగీతనాటకముల పాఠశాలలలో పెరిగినవారు. పెకింగు నాటకములో పాటతోపాటు పిల్లిమొగ్గలు, కత్తిసాము, కర్రసాము, గంతులు ముఖ్యములు. యూ జిమ్ యుయెన్ అను గురువు హాంకాంగులో అట్టి పాఠశాల నొకదానిని నడపెను. పేదల బిడ్డలను, తలిదండ్రులు దూరదేశములకు పోవలసివచ్చిన బిడ్డలను అందు చేర్చుచుండిరి. జాకీ చాన్ 1961లో ఏడేండ్ల వయస్సున అందు చేరి పదియేండ్లు గడపెను. అతని తలిదండ్రులు ఉద్యోగము కొరకు ఆస్ట్రేలియాలో నుండిరి. సామో హుంగ్, యుయెన్ బియావ్, యుయెన్ వా, యుయెన్ చియు అను బాలిక మొదలగువారును ఆ పాఠశాల విద్యార్థులే. పలువురు శిష్యులు గురువు పేరులోని ‘యుయెన్’ అను మాటను తమ పేర్లలో ధరించిరి. అందుచేతనే తోబుట్టువులు కాకపోయినను వారి పేర్లు తోబుట్టువుల పేర్లవలె వినిపించును.

ఆ పాఠశాల జీవితము మిక్కిలి కఠినమైనది. తెల్లవారకముందే లేచి రాత్రి ప్రొద్దుపోవువరకు అభ్యాసము చేయవలెను. తల క్రిందుగా చేతులమీద నిలిచి గంటలకొలది యుండవలెను. తప్పు చేసినవానికి బెత్తపు దెబ్బలు. శిక్షించుటకు గురువునకు పూర్తి యధికారము నిచ్చుచు తలిదండ్రులు ముందుగనే ఒప్పందము వ్రాసి యిచ్చెడివారు. చదువునకు మిగులు కాలము స్వల్పము. ప్రపంచప్రసిద్ధుడైన పిదప జాకీ చాన్ తాను చిన్ననాడు చదువు సరిగా నేర్వలేకపోతినని పలుమారులు చెప్పి విచారపడెను.

ఈ విషయమును తొందరపడి తీర్పు చెప్పరాదు. చూడనట్లు విడువను రాదు. ఆ విద్యార్థులు పెద్దవారైన పిదప గురువును ద్వేషింపలేదు. 1988లో ఆ పాఠశాలను గూర్చి ‘పెయింటెడ్ ఫేసెస్’ అను చిత్రము వెలువడగా, గురువు పాత్రను శిష్యుడైన సామో హుంగే ధరించెను. బెత్తము పట్టిన చేతిని, శిష్యులు వెడలిపోవుచుండగా ఒంటరియైన ఆ వృద్ధుని మనస్సును గూడ అతడు ప్రేమతో చూపెను. ఆ నటనకు హాంకాంగు చలనచిత్ర బహుమానము పొందెను. అయినను శిష్యుల కృతజ్ఞత దెబ్బలను న్యాయముగా మార్చజాలదు. పసిబాలుర శరీరములను నొప్పించి నేర్పిన విద్య ఎంత గొప్పదైనను, ఆ పద్ధతి మరల రాగూడదు. ఆ బాలుర గొప్పతనము దెబ్బలవలన కలిగినది కాదు. దెబ్బలు తినియు చెడిపోక నిలిచిన వారి స్వభావమువలన కలిగినది.

వారు పెరిగి పెద్దవారగునప్పటికి నాటకములకు ఆదరణ తగ్గెను. నేర్చిన విద్య కూడు పెట్టు దారి కనబడలేదు. అప్పుడు చలనచిత్రములు వారిని పిలిచెను. కాని నాయకులుగా కాదు, దెబ్బలు తినువారుగా. మేడమీదినుండి పడవలసిన చోట, అద్దమును పగులగొట్టుకొని పోవలసిన చోట వారు కావలసివచ్చిరి. క్రింద అట్టపెట్టెలు పేర్చి, వానిపై పడుటయే వారికి ఆధారము. హాంకాంగులో ఇట్టివారికి ‘డ్రాగన్లు, పులులు’ అను మాటలతో కూడిన పేరు కలదు. పేరు గంభీరమైనదే, కూలి మాత్రము స్వల్పము. వారి ముఖములు తెరమీద కనబడవు; కనబడినచో, వారు నాయకులు కారని తెలిసిపోవును.

ఈ కాలముననే బ్రూస్ లీ తారవలె ఉదయించెను. ఆయనయు కాంటన్ సంగీతనాటకముల నటుని కుమారుడే. 1940లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించి, హాంకాంగులో పెరిగి, ఇప్ మాన్ అను గురువు వద్ద సాము నేర్చెను. 1971 నుండి 1973 వరకు తీసిన కొలది చిత్రములతోనే ఆయన కీర్తి ప్రపంచమంతటను వ్యాపించెను. 1972లో వచ్చిన ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో ఆయన వేసిన పిల్లిమొగ్గలను చూచి ప్రేక్షకులు ఆశ్చర్యపడిరి. వానిని నిజముగా వేసినవాడు యూ గురువు శిష్యుడైన యుయెన్ వా. ఆ చిత్రముననే బ్రూస్ లీ తన్నగా గోడను చీల్చుకొని వెనుకకు ఎగిరిపడిన విరోధి బదులు పడినవాడు జాకీ చాన్. 1973లో వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’ ఆరంభమున బ్రూస్ లీతో తలపడి ఓడినవాడు సామో హుంగ్. ఆ చిత్రపు ముఖ్యవిరోధి, 60 ఏండ్ల వయస్సు గల షీ కియెన్. ఆయనకు ఇంగ్లీషు రానందున ఆయన మాటలను వేరొక నటుడు పలికెను. కాని అద్దముల గదిలో పోరాడిన దేహము ఆయనదే.

బ్రూస్ లీ 1973 జూలై 20వ తేదీన, 32 ఏండ్ల వయస్సున మరణించెను. అప్పటికి ‘ఎంటర్ ది డ్రాగన్’ ఇంకను విడుదల కాలేదు. ఆయన వృద్ధుడు కాని వీరుడు. చిత్రములందు ఎల్లప్పుడును యువకుడుగనే నిలిచిపోయెను. కాని ఆయన చేతిలో ఓడిన పడుచువాండ్రు బ్రతికి, ఎదిగి, వృద్ధులైరి. ఈ కళ నిలిచినది వారివలననే.

ఈ రంగమున స్త్రీల స్థానమును మరువరాదు. 1966లో దర్శకుడు కింగ్ హూ తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మీ’ అను చిత్రములో, దొంగల నడుమకు ఒంటరిగా వచ్చి నిలిచిన ఖడ్గవీరురాలు చెంగ్ పెయ్ పెయ్. 1946లో షాంఘైలో జన్మించిన ఆమె నేర్చినది సాము కాదు, నృత్యము. పోరాటమును తాళము గల నృత్యముగా భావించిన కింగ్ హూకు అట్టి నటియే కావలసివచ్చెను. మద్యశాలలో ఆమె కదలక కూర్చుండుటయే ఒక పోరాటమువలె నుండును. చేయి కదలినప్పుడు మెరుపు మెరసినట్లుండును. 34 ఏండ్ల తరువాత, 2000లో, ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ అను చిత్రమున ఆమె మరల ఖడ్గము పట్టెను. ఈసారి వీరురాలుగా కాదు. స్త్రీయనుకారణమున గురువు విద్య నేర్పనందున పగబట్టి, విద్యాగ్రంథమును దొంగిలించిన దుష్టురాలిగా. లౌ చిత్రములో విద్య గోడ దాటి వెలుపలికి వచ్చెను; ఈ చిత్రములో విద్యను నిరాకరించుటవలన కలిగిన అనర్థము కనబడెను. రెండును ఒకే సత్యమునకు రెండు ముఖములు. చెంగ్ పెయ్ పెయ్ 2024లో పరమపదించెను.

జాకీ చాన్, సామో హుంగ్, యుయెన్ బియావ్ 1970ల చివరను, 1980లలోను నాయకులైరి. ప్రమాదకరములైన కృత్యములను చాలవరకు వారు స్వయముగనే చేసిరి. 1983లో వచ్చిన ‘ప్రాజెక్ట్ ఏ’ అను చిత్రములో జాకీ చాన్ గడియారపు గోపురమునుండి జారి, రెండు గుడ్డపందిళ్ళను చీల్చుకొని నేలపై పడును. అందు మోసము లేదు. కొంతకాలమునకు యుగోస్లావియాలో మరియొక చిత్రము తీయుచుండగా చెట్టుకొమ్మ విరిగి ఆయన క్రిందపడెను. పుర్రె చిట్లినది. శస్త్రచికిత్సచేత ప్రాణము దక్కెను. తన చిత్రముల చివరను ఆయన తప్పిపోయిన ప్రయత్నములను, తగిలిన గాయములను గూడ చూపుట ఆచారము చేసికొనెను. వానిని చూచువాడు నవ్వుటతో నిలువరాదు. ఒక్క గంతు వెనుక ఎన్ని పాటులున్నవో తెలిసికొనవలెను. తెలిసికొని, ఇంటివద్ద అట్టి పనులకు పూనుకొనకుండ ఉండవలెను. అవి పదియేండ్ల అభ్యాసము గలవారికే ప్రాణసంకటములైనవి.

ఇక వృద్ధుల సంగతి. లోకములో ఆటగాడు ముప్పదియేండ్లు దాటినచో విశ్రాంతి గైకొనును. కుంగ్‌ఫూ చిత్రములలో మాత్రము వృద్ధునకు విశేషగౌరవము కలదు. ఏలయనగా అందు బలముకంటె అభ్యాసము గొప్పది. 1978లో యుయెన్ వూ పింగ్ అను దర్శకుడు తీసిన ‘డ్రంకెన్ మాస్టర్’లో, తుంటరియైన పడుచువానికి విద్య నేర్పు ముసలిగురువు పాత్రను దర్శకుని తండ్రియైన యుయెన్ సియూ టిన్ ధరించెను. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరములు. అంతకుముందు ఆయన దశాబ్దములపాటు తెరవెనుక పోరాటములు కూర్చినవాడు, చిన్న వేషములు కట్టినవాడు. ప్రపంచము ఆయనను గుర్తించినది ఆ ముదిమియందే. 1979 ఆరంభమున ఆయన మరణించెను. ఆ కథలోని తుంటరి శిష్యుని పేరు వాంగ్ ఫే హుంగ్. ఆ పాత్ర ధరించినవాడు జాకీ చాన్. శాంతమూర్తియైన గురువును ముప్పదియేండ్లు చూచిన ప్రేక్షకులకు, ఆ గురువుకు గూడ అల్లరి బాల్యమొకటి యుండియుండునని తోచుట క్రొత్త వినోదమయ్యెను.

అసలు గురువుపాత్రధారి క్వాన్ తక్ హింగ్ అప్పటికి రంగము విడువలేదు. 1979లో, 74 ఏండ్ల వయస్సున, ‘ది మాగ్నిఫిసెంట్ బుచర్’ అను చిత్రమున మరల వాంగ్ గురువుగా కనబడెను. అందొక సన్నివేశమున ఆయన కుంచెతో అక్షరములు వ్రాయుచుండగా విరోధి మీదపడును. వృద్ధుడు ఒకచేత విరోధిని అడ్డుకొనుచు, రెండవచేత అక్షరములను వ్రాయుట మానడు. పోరు ముగియునప్పటికి వ్రాతయు ముగియును. అక్షరములలోను, సాములోను ఒకటే కుంగ్‌ఫూ అని ఇంత చక్కగా చెప్పిన దృశ్యము మరియొకటి లేదు. క్వాన్ 1996లో, 91వ యేట మరణించెను. ఆయనచేత అన్నిమారులు ఓడిన షీ కియెన్ 2009 వరకు, 96 ఏండ్లు జీవించెను. రోగపీడితుడైన బాలుడు ఆరోగ్యము కొరకు నేర్చిన విద్య ఆయనను వంచింపలేదు.

యుయెన్ చియు యౌవనమున కొన్ని చిత్రములలో నటించి, పిదప సంసారబాధ్యతలకై రంగమును విడిచెను. 2004లో వచ్చిన ‘కుంగ్‌ఫూ హజిల్’లో, ఒక పేదవాడలో అద్దె వసూలు చేయు గయ్యాళి యిల్లాలుగా ఆమెయు, ఆమె భర్తగా చిన్ననాటి సహపాఠియైన యుయెన్ వాయు నటించిరి. ఆ వాడలోని అనామకులైన వయోవృద్ధులే నిజమైన సాముగాండ్రని కథలో బయటపడును. ఆ కథ వారి జీవితమునకే అద్దము. ఒకప్పుడు బ్రూస్ లీ పేరున పిల్లిమొగ్గలు వేసిన యుయెన్ వా, ముఖము కనబడక పడిన ఆ పడుచువాడు, ఇప్పుడు ముఖముతో సహా ప్రేక్షకుల యెదుట నిలిచెను. వారిరువురికిని ఆ చిత్రమువలన బహుమానములు లభించెను. లౌ కార్ లియుంగునకు 2010లో హాంకాంగు చలనచిత్రరంగము జీవితకాలపు సేవకు సన్మానము చేసెను. 2013లో ఆయన దివంగతుడయ్యెను.

తెరవెనుక పడినవారికి గౌరవము కలుగుటకు చిరకాలము పట్టినది. హాంకాంగులో పోరాటములు కూర్చువారికి ప్రత్యేక బహుమానము 1980లలోనే ఏర్పడినది. ‘డ్రంకెన్ మాస్టర్’ దర్శకుడు యుయెన్ వూ పింగ్ తరువాత అమెరికాకు పోయి, 1999లో వచ్చిన ‘ది మాట్రిక్స్’ అను చిత్రమునకు పోరాటములు కూర్చగా, అచ్చటి చిత్రములయందు ఆ పద్ధతి ప్రబలినది. అయినను ఆస్కార్ బహుమానములిచ్చు సంస్థ, ఇట్టి సాహసకృత్యములను కూర్చువారికి బహుమానము నేర్పరచుచున్నట్లు ప్రకటించినది 2025లోనే. అదియు 2027వ సంవత్సరపు చిత్రములనుండి అమలు జరుగును.

నేడు పెకింగు నాటకముల ఆ పాత పాఠశాలలు లేవు. తీగలతో వ్రేలాడదీసియు, యంత్రగణనచేత బొమ్మలు కూర్చియు ఎవ్వనినైనను ఎగురునట్లు చూపవచ్చును. ఇందు విచారింపదగినది కొంత, సంతోషింపదగినది కొంత కలదు. ఏ బాలుడును బెత్తమునకు భయపడి తలక్రిందుగా నిలువనక్కరలేదు. ఏ తండ్రియు బిడ్డను ఒప్పందముపై వదలిపోనక్కరలేదు. ఇది మేలు. కాని చాలకాలము ఓర్చి, ఒక పనిని పదివేలమారులు చేసి, దానిని దేహమునకు స్వభావముగా చేసికొను ఓపిక తగ్గినచో అది నష్టము. శిక్ష లేక ఓపికను నేర్పుట నేటి గురువుల బాధ్యత. శిక్షకు వెరచి గాక ఇష్టముతో ఓపికను అలవరచుకొనుట నేటి శిష్యుల బాధ్యత.

ఆ పాత చిత్రములు నేటికిని లభ్యములై యున్నవి. చూచువారు సాధారణముగా గెలిచినవానినే చూతురు. ఒక్కమారు ఓడినవానిని చూడవలెను. దెబ్బ తగిలిన క్షణమున అతడెట్లు తల త్రిప్పెను, ఎట్లు గాలిలో దొరలెను, ఎట్లు నేలపై పడి మరల లేచెను అని గమనింపవలెను. పేరు తెలియని ఆ మనుష్యుడు సరిగా పడనిచో నాయకుని గెలుపు తెరమీద నిలిచెడిది కాదు.